అమ్మాయితో కేబుల్ వంతెన మీద

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళ మీద నోట్లు వ్రాసినవాణ్ణి, ఉపన్యాసాలు నాకు చేతకావు. మన దుర్గం చెరువు వంతెన మీద మా అమ్మాయితో నడిచిన ఒక ఉదయం గురించి చెప్పి కూర్చుంటాను.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. అప్పటికే నాకు డెబ్భై నిండాయి. నా భార్య పోయిన తరువాత శేరిలింగంపల్లిలో అమ్మాయి దగ్గరే ఉంటున్నాను. "మీకు షుగరు ఉంది నాన్నా, గుమ్మం దాటవద్దు" అన్నది. చివరికి పొద్దున పాల పాకెట్టుకు వెళ్ళడం కూడా మాన్పించింది. నా మంచికేనని తెలుసు. అయినా ఉన్న ఒక్క పనీ పోయేసరికి రెండోసారి రిటైరయినట్టు అనిపించింది. ఒకనాడు మాటా మాటా పెరిగింది. ఆ తరువాత చాలా రోజులు మా మధ్య "అన్నం పెట్టనా?", "ఊఁ" తప్ప మాటల్లేవు.

సెప్టెంబరు 25న, అంటే సరిగ్గా ఆరు నెలలకు, కేబుల్ వంతెన ప్రారంభమైనది. జూబ్లీహిల్స్ రోడ్డు నం. 45ను మాదాపూర్ వైపుతో కలిపే ఈ వంతెనకు 184 కోట్ల రూపాయలు అయినట్లు పత్రికలు వ్రాశాయి. అది వాహనాల వంతెనే. కానీ తొలి రోజులలో శని, ఆదివారాలు బండ్లు ఆపి జనాన్ని నడవనిచ్చారు.

ఒక శనివారం రాత్రి అమ్మాయి, "రేపు తెల్లవారుతూనే వెళదాం నాన్నా, జనం పలచగా ఉంటారు. మాస్కు మాత్రం తీయకూడదు" అన్నది. పాలకు వద్దన్నదానివి వంతెనకు రమ్మంటావేమని అడగబోయి ఊరుకున్నాను.

కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు మంచినీళ్ళిచ్చిన చెరువు అది. దాని మీద రెండు స్తంభాల నడుమ 233.85 మీటర్ల వంతెన, నీళ్ళలో ఆధారం లేకుండా నిలిచి ఉంది. "ఎట్లా నిలిచిందే?" అన్నాను. ఆరు నెలల్లో నేను అడిగిన మొదటి ప్రశ్న అది! బరువును తీగలు పట్టుకుని స్తంభాలకు అందిస్తాయనీ, స్తంభాలు దాన్ని భూమిలోకి దింపుతాయనీ ఓపికగా చెప్పింది.

ఇద్దరం తీగలు లెక్కపెట్టాం. నాకు 54 వచ్చాయి, తనకు 56. తనదే సరైన లెక్క. చిన్నప్పుడు లింగంపల్లి స్టేషనులో గూడ్సుబండి పెట్టెలు లెక్కపెట్టడం దానికి నేర్పింది నేనే. పట్టాల దగ్గర దాని చేయి వదిలేవాణ్ణి కాను. విడిపించుకోవాలని గింజుకునేది, ఏడ్చేది కూడా.

సగం దూరంలో నాకు ఆయాసం వచ్చింది. బయటపడకుండా చెరువు చూస్తున్నట్టు రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. అమ్మాయి వచ్చి నా చేయి పట్టుకున్నది. నలుగురూ చూస్తారని లాక్కోబోయాను. వదలలేదు.

"అమ్మ లేదు. మీకేమైనా అయితే నేనేం కావాలి నాన్నా? ఆ భయంతోనే ఆ రోజు అరిచాను" అన్నది.

నాకు జవాబు తోచలేదు. పట్టాల దగ్గర నేను పడ్డ భయమూ అదే గదా! చేయి అట్లాగే ఉంచాను.

అవతలి ఒడ్డు దాకా పోలేదు. సగంలోనే వెనక్కు తిరిగాం. కారు దగ్గరికి వచ్చాక, "రేపటి నుండి ఆరు కాకముందే, దుకాణంలో జనం లేనప్పుడు పాలు తీసుకురండి. మాస్కు మరువకండి" అన్నది. ఆనాటి నుండి ఈనాటి వరకు మా ఇంటికి పాలు నేనే తెస్తున్నాను.

పెద్దలకు నా మనవి: పిల్లలు చేయి పట్టుకుంటే విడిపించుకోకండి. ఇక్కడికి వచ్చిన పిల్లలకూ ఒక మనవి: మమ్మల్ని జాగ్రత్తగా చూసుకోండి, కానీ చేయగలిగిన పని ఒక్కటైనా మా చేతిలో ఉంచండి.