అడుగులకు అరిసెలు
(సంఘం కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువుభత్యం, బకాయిల సంగతి మన సభల్లో ఎప్పుడూ ఉండేదే. ఈ రోజు మనవలు, మనవరాళ్ళతో సహా కూర్చున్నాం కనుక పసిపిల్లల ముచ్చట్ల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శిగారు.

బిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు వస్తే పంచదార చిలకలు. ఊరిని బట్టి, ఇంటిని బట్టి పిండివంట మారవచ్చు గాని, పద్ధతి మాత్రం మనందరికీ తెలిసినదే. మొదటి అక్షరం కలిసేటట్లు పెట్టారు గనుక ఎవరూ మరచిపోరు. బోర్లా పడిన బిడ్డ బొబ్బట్టు తినలేడు కదా! అది ఇరుగుపొరుగు వారి కోసం. బొబ్బట్టు అందుకున్న ప్రతి ఇల్లాలూ వచ్చి బిడ్డను చూసి, ఎత్తుకుని వెళ్ళేది. అక్షరం ముక్క రాని అవ్వలు ఈ విధంగా బిడ్డ ఎదుగుదలకు ఒక సర్వీసు రిజిస్టరు నడిపారు. అందులో ఏ ఎంట్రీ ఆలస్యమైనా పదిమంది కళ్ళలో పడేది.

అయితే మన సర్వీసు రిజిస్టరుకూ, దీనికీ ఒక తేడా ఉన్నది. మన ఇంక్రిమెంటుకు తేదీ ఉండేది. పసివాళ్ళ ఎదుగుదలకు తేదీ లేదు, గడువు మాత్రం ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొన్ని దేశాల పిల్లలను పరిశీలించి 2006లో లెక్కలు ప్రకటించింది. వారిలో మన ఢిల్లీ పిల్లలు కూడా ఉన్నారు. ఆసరా లేకుండా కూర్చోవడం సుమారు 4 నుంచి 9 నెలల మధ్య, సొంతంగా నడవడం సుమారు 8 నుంచి పదిహేడున్నర నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చునట. వందకు నలుగురు పిల్లలు చేతులు, మోకాళ్ళ మీద పాకకుండానే నడకకు వచ్చేశారు. కనుక పక్కింటి పిల్లవాడు పదో నెలలో నడిచాడని మన కోడలి ముఖం చూడనక్కరలేదు.

మా రెండో మనవరాలికి ఏడాదిన్నర నిండినా నడక రాలేదు. ఒక పెళ్ళిలో బంధువులొకరు, "ఇంకా అరిసెలు పంచలేదేమిటమ్మా?" అని పదిమందిలో అడిగేసరికి మా కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడులే" అని మరొకరు సర్దిచెప్పారు. మా ఆవిడ ఆ మాటా పట్టించుకోలేదు, ఈ మాటా పట్టించుకోలేదు. మరునాడే కోడలిని వెంటబెట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళింది. కండరాలలో పట్టు తక్కువగా ఉన్నదని చెప్పి ఆయన ఫిజియోథెరపీకి పంపారు. ఇంట్లో రోజూ రెండు పూటలా వ్యాయామం చేయించాం. లెక్కపెట్టే పని నాది. ఇరవై మూడో నెలలో గోడ వదిలి నాలుగడుగులు వేసి నాయనమ్మ ఒడిలో పడింది. ఆ రాత్రే బియ్యం నానబోశారు. వీధి అంతా అరిసెలు పంచాం. ఎన్నో నెల అని ఒక్కరూ అడగలేదు.

నేను చెప్పదలచినది ఇంతే. పండగ ఆగవచ్చు, పరీక్ష ఆగకూడదు. ఆరునెలలు దాటిన బిడ్డ చప్పుడు వైపు తల తిప్పకపోయినా, ఏడాదిన్నరకు నడక గాని, ఒక్క మాట గాని రాకపోయినా, వచ్చిన మాట పోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎదుగుదలలో వెనుకబడిన పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. అంగన్‌వాడీ కార్యకర్తను అడిగితే దారి చెబుతారు.

తాతలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు మరి మూడు మనవులు. అన్నప్రాశన నాడు నాలుకకు తేనె రాయకండి. ఏడాది నిండని బిడ్డకు తేనె వల్ల బొటులిజమ్ అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ముద్దుగా ఉందని చక్రాల వాకరు కొనకండి. అది నడక నేర్పదు సరికదా, మెట్ల మీద నుంచి పడేస్తుంది. కెనడా 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది. ఇక రెండేళ్ళలోపు పిల్లలకు సెల్‌ఫోను బొమ్మలు చూపవద్దంటున్నారు పిల్లల వైద్యులు. దూరాన ఉన్న బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్ మాత్రం ఫరవాలేదట. అమెరికాలో మనవలున్న మనలాంటి వారికి అదొక ఊరట.

చివరిగా ఒక్క మాట. పిండివంట కొట్టునుంచి తెచ్చినా తప్పులేదు. కాని దానిని పట్టుకుని పక్కింటి తలుపు తట్టండి. బిడ్డను చూసే కళ్ళు ఎన్ని ఎక్కువైతే అంత మంచిది.