పాలసొర కథ



మన ఆగిరిపల్లి మామిడి తోటల ఊరు. సముద్రం మనకు దూరం. అయినా సొర చేప పేరు విననివాళ్లు మనలో లేరు. ఇంట్లో బాలింత ఉంటే పెద్దవాళ్లు ఏమంటారు? "పాలసొర వండి పెట్టండే, పాలు పడతాయి" అంటారు. ఇవాళ ఆ పాలసొర గురించి చెప్పుకుందాం.

పాలసొర మన కోస్తా తీరంలో దొరికే చిన్న సొర. ఒడ్డుకు దగ్గరగా, ఇసుక నేల ఉన్న చోట తిరుగుతుంది. బాగా పెరిగితే సుమారు 3 అడుగులు ఉంటుంది. చిన్న చేపలు, రొయ్యలు, పీతలు తింటుంది.

దీని ఒంట్లో గట్టి ఎముక ఒక్కటీ లేదు. మీ చెవి పైభాగం వంచి చూడండి. వంగుతుంది కదా? సొర అస్థిపంజరం అలాంటి పదార్థమే. దాని చర్మం గరుకు కాగితంలా ఉంటుంది. పన్ను ఊడితే వెనక వరసలోంచి కొత్తది వస్తుంది. ముక్కు మీద సన్నని రంధ్రాలుంటాయి. నీళ్లలో దాక్కున్న చేప ఒంట్లోంచి వచ్చే కొద్దిపాటి విద్యుత్తును కూడా వాటితో పసిగడుతుంది.

ఇక అసలు సంగతి వినండి. మన చెరువుల్లో పెంచే శీలావతి చేప ఒక్కసారికి లక్షల గుడ్లు పెడుతుంది. పాలసొర అలా కాదు. అది మనలాగే పిల్లల్ని కంటుంది. కడుపులో బిడ్డకు మాయ ఉంటుంది, బొడ్డు తాడు ఉంటుంది. తల్లి సుమారు ఏడాది మోస్తుంది. ఒక్క కాన్పుకు ఒకటి నుంచి ఎనిమిది పిల్లలు. అంతే! పుట్టిన పిల్ల అడుగు పొడవు ఉంటుంది.

కాని పాలసొరకు పాలు లేవు. పిల్ల పుట్టగానే తన తిండి తనే వెతుక్కుంటుంది.

మరి దాన్ని తింటే బాలింతకు పాలు పడతాయా? పెద్దవాళ్లు మంచి మనసుతోనే చెప్పారు. సొరలో మాంసకృత్తులున్న మాట నిజమే. కాని పాలు ఊరేది బిడ్డ చప్పరించడం వల్ల. బిడ్డ ఎంత తాగితే అంత ఊరతాయి. తల్లికి కడుపునిండా తిండి, నీళ్లు, విశ్రాంతి కావాలి.

ఇంకో మాట. సముద్రంలో పాదరసం అనే విషం కొంత కలుస్తోంది. అది చిన్న చేపల ఒంట్లో కొంచెం చేరుతుంది. చిన్న చేపల్ని తినే సొర ఒంట్లో ఎక్కువగా పోగవుతుంది. పసిబిడ్డ మెదడుకు అది చేటు. అందుకే గర్భిణులు, బాలింతలు సొరలు తినవద్దని అమెరికా ప్రభుత్వ ఆహార, మందుల సంస్థ సలహా ఇస్తోంది. బాలింతకు చేప పెట్టాలనుకుంటే కవళ్లు పెట్టండి, శీలావతి పెట్టండి. పప్పు, గుడ్డు, ఆకుకూర ఉండనే ఉన్నాయి.

పాలసొరకూ కష్టం వచ్చింది. పుట్టేది తక్కువ, పట్టేది ఎక్కువ. 2020లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని ముప్పులో ఉన్న జీవుల పట్టికలో చేర్చింది. కాపుకొచ్చే మామిడి మొక్కను కొట్టేస్తే మరుసటేడు కాయ ఎక్కడిది? సొర పిల్లల్ని పట్టడమూ అంతే.

మన రాష్ట్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు వేటకు వెళ్లకూడదు. చేపలు పెరగడానికి ఆ 61 రోజుల విరామం. మన తోటల్లో కాయ కోసే రోజుల్లో వాళ్ల పడవలు ఒడ్డున ఉంటాయన్నమాట.

మనం చేయగలిగింది ఒకటుంది. సంతలో మూరకన్నా పొట్టి పాలసొర కనిపిస్తే అది పసిపిల్ల అని గుర్తు. కొనకండి. కొనేవాళ్లు లేకపోతే పట్టేవాళ్లూ తగ్గుతారు.

ఇంటికెళ్లి ఈ పాఠం మీ అత్తగారికీ, అమ్మకూ చదివి వినిపించండి. వాళ్లేమన్నారో రేపు వచ్చి చెప్పండి.

చెప్పండి చూద్దాం:
1. శీలావతికీ పాలసొరకూ తేడా ఏమిటి?
2. బాలింతకు పాలు ఎలా ఊరతాయి?
3. మూరకన్నా పొట్టి సొరను ఎందుకు కొనకూడదు?