కంటి వాకిట కాపలా



పూర్వం మరణావస్థలో ఉన్న కథోలికుని కళ్ళు, చెవులు, ముక్కు, పెదవులు, చేతులు, పాదాలకు గురువు ఒక్కొక్కటిగా అభ్యంగన తైలం పూసి, ఆ ఇంద్రియం ద్వారా చేసిన పాపాన్ని మన్నించమని ప్రార్థించేవారు. 1972లో ఆరవ పౌలు పోపుగారి సవరణ తర్వాత నుదుటికీ చేతులకూ పూస్తున్నారు. పద్ధతి మారినా పాఠం మారలేదు. పాపం మనసులోకి వచ్చేది ఈ వాకిళ్ళ గుండానే.

మా మిస్సిసాగాలో పియర్సన్ విమానాశ్రయంలో రాత్రి డ్యూటీలు చేసి వచ్చేవారున్నారు. వచ్చేసరికి ఇల్లంతా నిద్రపోతుంటుంది, చేతిలో ఫోను ఒక్కటే మేలుకొని ఉంటుంది. ఊళ్ళోలా పక్క గదిలో అమ్మ దగ్గు వినబడదు. ఎవరూ చూడరన్న ధైర్యమే శోధనకు బలం. అసభ్య దృశ్యాలే కాదు, తోటివారి కొత్త ఇంటి ఫోటో చూసి కుళ్ళుకోవడమూ కంటి నుంచే మొదలవుతుంది.

అయితే తలంపు రావడమే పాపం కాదు. పునీత అగస్టీనుగారు మూడు మెట్లు చెప్పారు: ప్రేరణ, అందులో రుచి, ఆపైన సమ్మతి. మొదటిది మన చేతిలో లేదు, చివరిది మాత్రం మనదే. కనుక చెడు తలంపు వచ్చిందని కుమిలిపోకండి. దాన్ని కూర్చోబెట్టి కాఫీ మాత్రం ఇవ్వకండి.

2025లో పునీతునిగా ప్రకటింపబడిన కార్లో అకుటిస్ 2006లో 15 ఏళ్ళకే కన్నుమూశాడు. కంప్యూటరంటే ప్రాణమైనా, వీడియో గేములకు వారానికి ఒక్క గంటే కేటాయించుకున్నాడు. పిల్లలకు ఈ మాట చెప్పేముందు పెద్దలం మన ఫోను రాత్రిపూట హాల్లో వదిలి, జపమాలతో పడకగదికి వెళదాం. కాలు జారినవారు పాపసంకీర్తనానికి ఆలస్యం చేయవద్దని నా మనవి.