రాత్రి రెండు గంటల వంతు



ఈ జీర్ణోద్ధరణమునకు మీరు సమర్పించిన విరాళములు చలువరాతి ఫలకముపై చెక్కబడినవి. అది న్యాయమే. ఆ ఫలకమున కెక్కని కానుక నొకదానిని గూర్చి నేడు మనవి చేయదలచితిని.

నామసప్తాహము మీరెరుగనిది కాదు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు. అనగా 168 గంటలు. నడుమ అఖండదీపము, దాని చుట్టును తిరుగుచు భజన. నామము క్షణమైనను ఆగరాదు. సాయంకాలపు వంతులకు జనమునకు కొదువ లేదు. ప్రసాదవితరణ వేళ సంగతి చెప్పనక్కరయే లేదు! చిక్కంతయు రాత్రి రెండు గంటల వంతుతోనే. అప్పటికి గొంతులు బొంగురుపోవును, తాళము తడబడును. ఆ వేళ పాటరానివాడైనను కండువా సవరించుకొని వచ్చి ప్రక్కన నిలిచినచో, పాడువానికి ప్రాణము లేచివచ్చును. తెల్లవారిన పిదప ఆ నిలిచినవాని కష్టసుఖములు మనకు పరాయివి కావు. అతడు ఏ వీధివాడో, ఎంత చందా ఇచ్చెనో అడుగబోము.

భాగవత సప్తమస్కంధమున ప్రహ్లాదుడు నవవిధభక్తులను చెప్పుచు శ్రవణమునే మొదట నిలిపెను. కీర్తనము దాని తరువాతిదే. అరుగుపై ఒంటరిగా కూర్చున్న ముదుసలి చెప్పిన మాటనే మరల చెప్పుచున్నను ఓపికతో వినుట సైతము శ్రవణమే యని నా నమ్మకము.

కుంభాభిషేకము నాడు ఇసుక వేసిన రాలనంత జనము వత్తురు. నా దిగులు ఆ పిమ్మటి వానకాలపు సంధ్యలను గూర్చి. గంటయు నగారాయు మ్రోగించుటకు కరెంటు యంత్రము వచ్చినది. హారతి కన్నుల కద్దుకొనుటకు మనుష్యులే కావలెను.

సప్తాహపు వంతుల పట్టికను ధ్వజస్తంభము చెంత ఉంచితిమి. రాత్రి రెండు గంటల గడులు ఇంకను ఖాళీగానే యున్నవి.