పిల్లికి టీకా మోసే సూక్ష్మజీవి

1986లో కాలిఫోర్నియాలో నీల్స్ పెడర్సన్ బృందం పిల్లుల్లో ఎఫ్.ఐ.వి. అనే వైరస్‌ను గుర్తించింది. అది ఎయిడ్స్ వైరస్‌కు దగ్గరి చుట్టం. పిల్లులు కొట్లాడుకున్నప్పుడు పంటిగాట్ల ద్వారా ఎక్కువగా సోకుతుంది. మనుషులకు మాత్రం అంటదు, కనుక జబ్బు పిల్లిని దయచేసి వీధిన వదిలేయకండి.

ఈ వైరస్‌పై టీకాను మోయడానికి అమెరికా శాస్త్రవేత్తలు లిస్టీరియా అనే బాక్టీరియాను పరీక్షించారు. మామూలుగా అది కలుషితమైన తిండితో వచ్చి రోగం తెచ్చేదే. అయితే కణాల లోపలికి చొరబడే నేర్పు దానికుంది. రోగనిరోధక శక్తిని మేల్కొల్పడానికి కావలసింది సరిగ్గా ఆ నేర్పే! అందుకని, ఆ బాక్టీరియాలో వైరస్ జన్యువులను చేర్చి, పిల్లులకు నోటిద్వారా ఇచ్చారు.

2004లో ఫలితాలు వెలువడ్డాయి. టీకా వైరస్ సోకకుండా ఆపలేదు, కానీ ఒంట్లో దాని మోతాదును అదుపు చేసింది. నా దృష్టిలో అది చిన్న విజయం కాదు.