బాలింతను ముందుగా అడగాల్సిన మాట

ఇంతసేపూ కొమ్ము నృత్యం చూశాం, పాటలు విన్నాం. నాకిచ్చిన అంశం ఆరోగ్యం. అందులో ఒక్క సంగతే మాట్లాడతాను. కాన్పయ్యాక మళ్లీ వెంటనే గర్భం రాకుండా చూసుకునే వీలు మన ఆడపిల్లలకు ఎందుకు అందడం లేదు? సభలో మాట్లాడే మాటేనా అని కొందరికి అనిపించవచ్చు. పదో తరగతి పాసై వెళ్లిన పిల్ల ఇరవై ఏళ్లకే చంకలో ఒకరితో, కడుపులో ఒకరితో కనబడుతుంటే మాట్లాడక తప్పదండి.

సాధనాలు లేక కాదు. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన 48 గంటల్లోపు కాపర్-టి వేయించుకోవచ్చు. 'ఛాయ' మాత్రలు పాలిచ్చే తల్లీ వాడొచ్చు. 'అంతర' ఇంజక్షన్ పాలిచ్చే తల్లికి ఆరు వారాల తర్వాత మొదలుపెట్టి, మూణ్ణెల్లకోసారి వేస్తారు. అన్నీ ఉచితమే. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. గబగబా ఇద్దరిని కనేసి ఆపరేషన్ చేయించుకోవడమే మనకు తెలిసిన దారి. ఒక కాన్పుకీ మళ్లీ గర్భానికీ మధ్య రెండేళ్లయినా ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ ఎడమే మన ఇళ్లలో లేదు.

కొల్లేరు వైపు చూడండి. కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద కాపలా ఉండే మన యానాది కుటుంబాలున్నాయి. పట్టుబడి అయిపోతే గట్టు మారుతుంది. ఆశా కార్యకర్త రిజిస్టర్‌లో పేరు ఒక ఊళ్లో, మనిషి ఇంకో చెరువు మీద, కాన్పేమో పుట్టింట్లో. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో పురుడు పోసుకుని వచ్చిన పిల్లకు మూడో నెల ఇంజక్షన్ సంగతి గుర్తుచేసేదెవరు? అందుకే తల్లీబిడ్డల కార్డు మీ దగ్గరే పెట్టుకోండి. ఎక్కడున్నా దగ్గర్లోని పీహెచ్‌సీలో చూపించి అడగండి.

బుట్టాయగూడెం, పోలవరం కొండల్లో దూరం ఒక అడ్డు. ఇంట్లో మాట ఇంకో అడ్డు. అత్త వద్దంటే అక్కడితో ఆగిపోతుంది. కాపర్-టి గుండెకెక్కుతుందంటారు. అది గర్భసంచిలోనే ఉంటుంది, గుండెకు దారే లేదు. ఇంజక్షన్ వేసుకున్న కొత్తలో కొందరికి మధ్యమధ్య రక్తపు మరకలు కనబడతాయి. బహిష్టయితే పక్కన కూర్చోబెట్టే ఇంట్లో ఆ పిల్ల నెలలో ఎన్ని రోజులు బయట కూర్చోవాలి? ఆ బాధకే చాలామంది మానేస్తారు. ఈ సంగతి మందు ఇచ్చేవాళ్లు ముందే చెప్పాలి, అత్తగార్లు వినాలి. ఇంకో అపోహ, బహిష్టు రాలేదు కాబట్టి గర్భం రాదని. తల్లిపాలు తప్ప బిడ్డకు ఇంకేమీ పెట్టని మొదటి ఆర్నెల్లు దాటితే ఆ నమ్మకం పనికిరాదు.

మన జనం అసలే తక్కువ, ఇంకా తగ్గిపోమంటారా అని పెద్దలు నన్నే అడిగారు. న్యాయమైన ప్రశ్న. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను కూడా 2024లో మన శాసనసభ తీసేసింది. ఎంతమంది అన్నది ఆలుమగల ఇష్టం. నేనడిగేది ఎడం గురించే. ఒంట్లో రక్తం కోలుకోని తల్లి మళ్లీ గర్భవతి అయితే తక్కువ బరువు బిడ్డ పుట్టే ప్రమాదం ఎక్కువ. అలాగని ఆసుపత్రివాళ్లు అడక్కుండా ఏదీ పెట్టకూడదు. నొప్పులు పడుతున్నప్పుడు వేలిముద్ర వేయించుకోవడం అడిగినట్టు కాదు. ఏడో నెలలోనే భర్తతో కలిసి కూర్చోబెట్టి చెప్పాలి.

తమ్ముళ్లూ, వల లాగేవాడికి, బరువు మోసేవాడికి వేసెక్టమీ పనికిరాదన్నది ఉత్త మాట. కోత కుట్లు లేని చిన్న పని, బలం తగ్గదు. కాకపోతే తర్వాత మూణ్ణెల్లు నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకోవాలి.

మన ఏఎన్‌ఎం అమ్మ సభలోనే ఉన్నారు. భోజనాలయ్యాక వెనక వరండాలో కూర్చుంటారు. అడగాలనుకున్నవాళ్లు వెళ్లండి, మగవాళ్లు కూడా.