నల్లతల పురుగుకు గట్టు అడ్డం కాదు
(కొబ్బరి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎండలు ముదిరేసరికి కొన్ని కొబ్బరి తోటలు మంట తగిలి మాడినట్టు కనిపిస్తాయి. నీరు చాలలేదని సరిపెట్టుకుంటాం. ఒక్క మట్ట కోయించి ఆకు తిరగేస్తే అసలు దొంగ దొరుకుతుంది. ఆకు అడుగున దారం, రెట్ట కలిపి గూడు అల్లుకుని నల్లతల పురుగు పచ్చదనాన్ని గీకి తింటూ ఉంటుంది. ముందు కింది మట్టలు పోతాయి, తర్వాత పైవి. చెట్టు నిలబడే ఉంటుంది, కాపు పోతుంది. ఉధృతి ఎక్కువైతే మరుసటి ఏడు దిగుబడి 45 శాతం దాకా పడిపోతుందని శాస్త్రవేత్తలే లెక్క కట్టారు. తోట కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ముందే కౌలు కట్టిన రైతు అన్నాళ్లూ ఏం తిని బతకాలి?

అంత ఎత్తు చెట్టుకు మందు కొట్టడం మన వల్ల అయ్యే పని కాదు. కొట్టినా పురుగును తినే మిత్రపురుగులే ముందు చస్తాయి. గోనియోజస్, బ్రాకాన్ అనే బుల్లి కందిరీగలు మన పక్షాన ఉన్నాయి. గోనియోజస్ నల్లతల పురుగును కుట్టి, కదలకుండా చేసి, దాని ఒంటి మీదే గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు ఆ పురుగునే తిని పెరుగుతాయి. మన అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో ఈ మిత్రపురుగులను పెంచి ఇస్తున్నారు.

అయితే అదను చూసి వదలాలి. గూళ్లలో పురుగు ఓ మోస్తరుగా ఎదిగి ఉన్నప్పుడే వదిలితే ఫలితం. అంతకు ముందే బాగా ఎండిన కింది మట్టలు రెండు మూడు కోసి కాల్చేయండి. ఒక్కసారితో సరిపెట్టకుండా విడతలుగా వదలండి. ఆ రోజుల్లో పురుగుమందు జోలికి పోవద్దు.

ఇంకో మాట. నేను వదిలి, పక్క తోట ఆసామి పట్నంలో కూర్చుంటే ఆ తోట పురుగు మళ్లీ నా తోటకే వస్తుంది. రెక్కల పురుగుకు గట్టు అడ్డమా? అందుకే ఊరంతా ఒకేసారి కదలాలి. సంఘం శాఖలు తోటలు తిరిగి జాబితా రాయాలి.

ప్రభుత్వాన్ని మనం అడిగేది మూడే. మిత్రపురుగులను ప్రతి మండలంలోనూ ఉచితంగా, అదనుకు అందించాలి. యజమాని లేని తోటల్లోనూ వదిలించాలి. నష్టపరిహారం పట్టా చూసి కాదు, సాగు చేసే కౌలు రైతును చూసి ఇవ్వాలి. జాబితాలు చేతపట్టుకుని వెళ్లి అడుగుదాం. లెక్కతో వెళ్తే కాదనడం వాళ్లకూ కష్టమే.